నాన్న మంచం పక్కన ఏ శానిటైజర్ పెట్టాలి? క్యాన్ కొన్నాక భయం పట్టుకుంది

అలిపిరి_కింద_ఇల్లు (తిరుపతి)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్నకి 71 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన నెల బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చుకుని తొమ్మిది రోజులు. కుట్లు ఇంకా తీయలేదు. డిశ్చార్జి రోజు డాక్టరుగారు మందుల గురించి రెండు నిమిషాలు చెప్పి, చేతుల గురించి పది నిమిషాలు చెప్పారు. గాయం దగ్గరికి పోయేముందు, పోయొచ్చాక, అన్నం పెట్టేముందు, పక్కబట్టలు మార్చాక, ఎవరైనా సరే చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే అన్నారు.

నా కష్టం అక్కడే. తిరుపతిలో ఇల్లున్న వాళ్లకి తెలుసు, కొండకొచ్చిన చుట్టాలు దిగేది మన ఇంట్లోనే. నాన్న పడ్డాడని తెలిశాక ఇంకా ఎక్కువయ్యారు. దర్శనం చేసుకుని బస్సు దిగి నేరుగా వచ్చేస్తారు, లడ్డూ కవర్ విప్పి చిన్న ముక్క తుంచి నాన్న నోట్లో పెడతారు, అదే చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని అరగంట కూర్చుంటారు. అదంతా ప్రేమేనని నాకు తెలుసు. కానీ ఆ చేయి క్యూలో కడ్డీలు, బస్సులో రాడ్డు, చిల్లర, చెప్పులు అన్నీ పట్టుకుని వచ్చిన చేయి కదా.

అందుకని మా తమ్ముడు ఒక కొట్లో 5 లీటర్ల క్యాన్ తెచ్చాడు, 300 రూపాయలు. ముందు నిమ్మకాయ బొమ్మ, "99.9% క్రిములు హతం" అని పెద్ద అక్షరాలు. వెనక ఏమీ లేదు, ఏం కలిపారో లేదు, లైసెన్సు నంబర్ లేదు. వాసన పెయింట్ డబ్బా మూత తీసినట్టుంది. మూడు రోజులకే అమ్మ వేళ్ల సందుల్లో చర్మం ఎర్రబడి మంట అంటోంది. ఇది వాడొచ్చా? ఏది కొనాలి? జెల్ మంచిదా, నీళ్లలా ఉండేది మంచిదా? ఖరీదైనదే మంచిదా? నాకు టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

మందులషాపు_అన్న (చిత్తూరు)

అక్కా, మొదట ఆ క్యాన్ పక్కన పెట్టేయండి, అమ్మ చేతికి ఇంకొక చుక్క కూడా తగలనివ్వద్దు. పదహారేళ్లుగా కౌంటర్ మీద ఉన్నాను, మీలాంటి క్యాన్ తెచ్చి "ఇది మంచిదేనా అన్నా" అని అడిగేవాళ్లని చాలామందిని చూశాను. సీసా ముందు వైపు చూడకండి, నిమ్మకాయ, వేపాకు, 99.9 అంతా అమ్ముకోవడానికి. వెనక్కి తిప్పండి. ఇథైల్ ఆల్కహాల్ అనో ఇథనాల్ అనో ఉండాలి, లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా 2-ప్రొపనాల్ అని ఉండాలి. పక్కనే ఎంత శాతమో అంకె ఉండాలి, అది 60 కంటే తగ్గకూడదు. తయారీ లైసెన్సు నంబర్, బ్యాచ్ నంబర్, తయారైన తేదీ, గడువు తేదీ, తయారుచేసినవాళ్ల పూర్తి అడ్రసు కూడా చూడండి. వీటిలో ఒక్కటి లేకపోయినా నేనైతే నా ఇంటికి తీసుకుపోను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మెథనాల్ వల్ల. మిథైల్ ఆల్కహాల్ అని కూడా అంటారు, ఫ్యాక్టరీ సరుకు, చవక. దాని వాసన, రంగు దాదాపు మామూలు ఆల్కహాల్ మాదిరే ఉంటాయి, ముక్కుతో పట్టుకోలేం. ఒంట్లోకి పోతే ఫార్మిక్ యాసిడ్‌గా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణం పోయినా పోతుంది. చర్మం గుండా కూడా లోపలికి ఇంకుతుంది. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెథనాల్ కలిసిన శానిటైజర్ల పేర్లతో జాబితాలే పెట్టింది. మీ క్యాన్‌లో అదే ఉందని నేననను, కానీ ఏముందో రాయని డబ్బాని నమ్మడానికి మన దగ్గర ఆధారమేముంది?

ధర సంగతి. 2020 మార్చిలో 200 మిల్లీలీటర్ల సీసా 100 రూపాయలు దాటకూడదని కేంద్రం ధర కట్టింది గుర్తుందా, అప్పుడే వీధికో కొత్త పేరు పుట్టుకొచ్చింది. ఇప్పుడు పేరున్న కంపెనీల సీసాల మధ్య తేడా ఎక్కువగా సువాసనకి, బొమ్మకి. శాతం ఒకటే అయితే చవకది తీసుకోండి, తప్పేం లేదు.

రసాయనం_మాస్టారు (తిరుపతి)

పై అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. శాతం గురించి ఒక మాట కలుపుతాను, ఎందుకంటే క్లాసులో ప్రతి ఏడాదీ ఒక పిల్లవాడు లేచి "70 కంటే 99 శాతం ఎక్కువ కదా సార్, మరి అదే మంచిది కదా" అని అడుగుతాడు. కాదు. క్రిమిని చంపడమంటే దాని ప్రోటీన్లను చెడగొట్టడం, పాలల్లో నిమ్మరసం పడితే విరిగినట్టు. అట్లా విరగడానికి కొంచెం నీళ్లు కావాలి. పైగా స్వచ్ఛమైన ఆల్కహాల్ చేతిమీద పడగానే ఆవిరైపోతుంది, పని చేసే సమయమే ఉండదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ అయితే 75 శాతం పెట్టారు, దాంట్లో 1.45 శాతం గ్లిసరిన్ చర్మం కోసం, 0.125 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలో మొండి బీజాంశాలు, అంటే కొన్ని క్రిములు గట్టి పెంకులో నిద్రపోయే రూపం, బతకకుండా.

ఇంకొక చిక్కు. కొన్ని సీసాలమీద శాతం పక్కన వి/వి అని ఉంటుంది, కొన్నిటిమీద డబ్ల్యు/డబ్ల్యు. మొదటిది పరిమాణం లెక్క, రెండోది బరువు లెక్క. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక, కాబట్టి అదే సరుకు పరిమాణం లెక్కలో 70 శాతమైతే బరువు లెక్కలో దాదాపు 62 వస్తుంది. 62 కనపడితే మోసమనుకోకండి.

ఒక విన్నపం. వాట్సాప్‌లో వస్తుందే, శానిటైజర్‌కి నిప్పు పెట్టి చూడు, మండితే మంచిది అని, అది దయచేసి ఎవరూ చేయొద్దు. మెథనాల్ కూడా మండుతుంది, కాబట్టి ఆ పరీక్ష ఏమీ చెప్పదు, చెయ్యి మాత్రం కాలుతుంది. గోధుమపిండి కలిపి చూసేదీ అంతే, జెల్‌లో చిక్కదనానికి వేసే పదార్థం వల్ల పిండి ఎట్లా ఉన్నా ఉంటుంది.

సిస్టర్_చిత్తూరు

చెల్లీ, నేను సర్జికల్ వార్డులో పందొమ్మిదేళ్లు చేశాను. కొనేది అన్న, మాస్టారు చెప్పేశారు. ఎట్లా వాడాలో నేను చెబుతాను, ఎందుకంటే మంచి సీసా కొని తప్పుగా వాడే ఇళ్లే ఎక్కువ.

లడ్డూ తిన్న చేతికి శానిటైజర్ రాస్తే పని చేయదు. నెయ్యి అడ్డం. నెయ్యి, నూనె, మట్టి, చెమట జిడ్డు ఉన్న చేతిమీద ఆల్కహాల్ క్రిమి దాకా పోలేదు, జిడ్డు పైపైన తేలి ఆరిపోతుంది. మీ చుట్టాలకి మీరు ఇవ్వాల్సింది ముందు సబ్బు, నీళ్లు. సీసా ఆ తరువాత సంగతి. అట్లాగే నాన్నకి బెడ్‌ప్యాన్ పెట్టాక, ఇంట్లో ఎవరికైనా వాంతులు విరేచనాలు అయితే, సబ్బుతోనే కడగాలి. వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి ఆల్కహాల్ సరిగ్గా లొంగదు, ఆస్పత్రుల్లో యాంటీబయాటిక్స్ వాడేవాళ్లకి వచ్చే సి.డిఫ్ అనే క్రిమి బీజాంశాలకి అసలే లొంగదు. సబ్బు వాటిని చంపదు గానీ చేతినుంచి జారగొట్టి నీళ్లతో పంపేస్తుంది.

కంటికి మురికి కనపడని, పొడిగా ఉన్న చేతికైతే శానిటైజర్ చాలా మంచిది. వార్డులో మంచానికీ మంచానికీ మధ్య మేం అదే వాడేవాళ్లం. స్టెరిలియం లాంటి ఆస్పత్రి శానిటైజర్లలో ఉండేది 2-ప్రొపనాల్, 1-ప్రొపనాల్. మీ ఇంటికి గాయం డ్రెస్సింగ్ చేయడానికి వచ్చే అమ్మాయి ఉంటే ఆమెకి అలాంటిది ఒకటి, చుట్టాలకి మామూలు జెల్ పంపు సీసా ఒకటి పెట్టండి. జెల్ కారిపోదు, తెలియనివాళ్లకి సులువు. నీళ్లలా ఉండేది త్వరగా ఆరుతుంది, అంటుకోదు, రోజుకి ఇరవై సార్లు వాడేవాళ్లకి అదే నయం. పనిలో రెండూ ఒకటే.

ఇప్పుడు అసలైన పని. చుక్క వేసుకుని రెండు అరచేతులూ రుద్ది వదిలేస్తారు అందరూ. అరచేతి గుంట నిండాలి. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, ఒక్కొక్క బొటనవేలూ పిడికిట్లో పట్టి తిప్పాలి, చివరికి అయిదు వేళ్ల కొసలు ఎదుటి అరచేతిలో గుండ్రంగా రుద్దాలి. పుండును తాకేది వేళ్ల కొసలే, అందరూ మరిచిపోయేదీ వాటినే. 20 నుంచి 30 సెకన్ల దాకా చేయి తడిగా ఉండాలి. పది సెకన్లకే ఆరిందంటే తక్కువ పోసుకున్నారని అర్థం. సబ్బైతే మొత్తం 40 నుంచి 60 సెకన్లు.

తిరుపతి కాబట్టి ఇది కూడా చెప్పాలి. మణికట్టుకి కట్టుకునే ఎర్ర దారాలు. అవి తడిసి, ఆరి, మళ్లీ తడిసి, నెలల తరబడి ఉంటాయి. భక్తి నేనూ గౌరవిస్తాను, నాకూ ఉండేది. కానీ కుట్లమీద చేయి పెట్టేవాళ్లు మాత్రం ఆ దారం తీసి పూజగదిలో పెట్టుకోండి. ఉంగరం తీయండి. గాజులు తీయలేకపోతే మోచేతి వైపు పైకి తోసి కడగండి.

తోతాపురి_రైతు (బంగారుపాళ్యం)

సిస్టరమ్మ చెప్పింది మా తోటలో రోజూ చూస్తాం. కోత రోజుల్లో చేతులనిండా మామిడి సొన. గుజ్జు ఫ్యాక్టరీకి కాయ దించడానికి పోతే గేటు దగ్గర శానిటైజర్ కొడతారు, ఆ సొన మీద పడి ఇంకా జిగట అయిపోతుంది తప్ప ఒక్క మరకా పోదు. మేమైతే ముందు కొబ్బరినూనె రుద్ది సొన వదిలించి, తరువాత సబ్బు పెట్టి కడుగుతాం. నాన్నగారు త్వరగా లేచి తిరగాలి తల్లీ.

పసుపు_వేప (శ్రీకాళహస్తి)

నాకు ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. మా అత్తగారు ఆల్కహాల్ వాసన వస్తే పూజకి పనికిరాదు అంటారు. ఆల్కహాల్ లేని వేప, తులసి శానిటైజర్లు వస్తున్నాయి కదా. మా ఇంట్లో అవే వాడుతున్నాం, రెండేళ్లుగా ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లల చర్మానికి మంట ఉండదు. దాన్ని ఎందుకు వద్దంటారు?

మందులషాపు_అన్న (చిత్తూరు)

అమ్మా, మీ సీసా వెనక చూడండి. వేప, తులసి కింద సన్న అక్షరాల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉందేమో. ఉంటే పని చేసేది అది. అది పనికిరానిదని నేననను, చాలా క్రిములమీద పని చేస్తుంది, మండదు, చేతి మంట తక్కువ. కానీ ఆల్కహాల్ చంపినన్ని రకాలను చంపదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్నదే వాడమంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఇంట్లో మీ ఇష్టం. తెరిచిన గాయం ఉన్న మనిషి దగ్గర నేను దాన్నిచ్చి పంపలేను. ఇక ఆకురసం తప్ప ఇంకేమీ లేదని రాసి ఉంటే అది సువాసన కింద లెక్క.

పూజకి వాసన ఇబ్బందైతే సబ్బుతో కడుక్కుని పూజ చేసుకోమనండి అత్తగారిని. ఇంట్లో కొళాయి ఉన్నప్పుడు శానిటైజర్ అవసరమే లేదు కదా.

పుత్తూరు_అక్క

పూజ మాట వచ్చింది కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. కరోనా రోజుల్లో మా అమ్మ బయట నుంచి వచ్చి చేతినిండా శానిటైజర్ రాసుకుని, ఆరకముందే హారతికి అగ్గిపుల్ల గీసింది. ఎడమ చేతి వేళ్లకి అంటుకుంది. పగటిపూట, కిటికీ వెలుతురు. ఆ మంట మాకు కనపడలేదు, అమ్మ అరుస్తోంది, మేం ఏమైందో తెలియక నిలబడ్డాం. తడి గుడ్డ చుట్టేసరికి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. ఇప్పటికీ చిటికెన వేలు పూర్తిగా వంగదు. నాన్నగారి గదిలో దీపం పెట్టే అలవాటు ఉంటే దయచేసి సీసాని దీపానికి దూరంగా వేరే గోడ వైపు పెట్టండి. చేతులు పూర్తిగా ఆరి, పొడిపొడిగా అయ్యేదాకా అగ్గిపెట్టె ముట్టుకోవద్దు. గ్యాస్ పొయ్యి కూడా అంతే.

రసాయనం_మాస్టారు (తిరుపతి)

పుత్తూరు అక్కగారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. ఆల్కహాల్ మంట లేత నీలం, వెలుతురులో దాదాపు కనిపించదు. 70 శాతం ఇథనాల్ నుంచి మామూలు గది వేడికే మంట అంటుకునేంత ఆవిరి వస్తుంది, మన తిరుపతి మే నెల ఎండల్లో చెప్పనే అక్కర్లేదు. సీసా దానంతట అది పేలదు గానీ మూత వదులుగా ఉంటే ఆవిరి బయటికొస్తుంది, లోపల శాతమూ తగ్గిపోతుంది. బండి డిక్కీలో, కారు అద్దం ముందు పెట్టి ఆరునెలలు మరిచిపోయే సీసాలు ఇట్లాగే పాడవుతాయి.

అలిపిరి_కింద_ఇల్లు (తిరుపతి)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. క్యాన్ వాడడం నిన్ననే ఆపేశాం. అమ్మ చేతికి కొబ్బరినూనె రాస్తోంది. ఇప్పుడు ఆ క్యాన్‌ని ఏం చేయాలి? నాలుగు లీటర్ల పైన ఉంది. తమ్ముడేమో వీధి చివర ఆటోస్టాండు వాళ్లకి ఇచ్చేస్తానంటాడు, కనీసం వాళ్లైనా బండ్లు తుడుచుకుంటారు అని.

మందులషాపు_అన్న (చిత్తూరు)

వద్దక్కా, ఎవరికీ ఇవ్వద్దు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో ఏం జరిగిందో గుర్తుందా. లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూసేస్తే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మనం తుడుచుకోవడానికి ఇస్తాం, అది ఎవరి చేతికి పోతుందో మనకి తెలియదు. నీళ్ల సీసాల్లోకి, కూల్‌డ్రింక్ సీసాల్లోకి పోసి పంచడం అసలే వద్దు, పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు. కాలువలో పారబోయడం కూడా వద్దు. మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట, పొయ్యికి దూరంగా పెట్టండి, బిల్లు ఉంటే తీసుకుని కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. డబ్బులు రాకపోయినా పరవాలేదు. మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి ఫోటోలతో ఒక ఫిర్యాదు రాయండి. వివరాలు లేని డబ్బా అమ్మడం వాళ్లు చూసుకోవాల్సిన విషయం. అది ఇంకొక ఇంటికి పోకూడదు కదా.

చంద్రగిరి_టీచర్

పిల్లల మాట వచ్చింది కాబట్టి. నేను ఒకటో తరగతి చెబుతాను. బ్యాగుకి వేలాడే కార్టూన్ బొమ్మల చిన్న సీసాలు, స్ట్రాబెర్రీ వాసన. పోయినేడాది ఒక పాప అరచేతిలో పోసుకుని నాకుతుంటే నేనే లాక్కున్నాను. ఆ రోజు నుంచి మా క్లాసులో పండ్ల వాసన సీసాలు వద్దని తల్లిదండ్రులకి డైరీలో రాసి పంపాను. అట్లాగే స్టాండు మీద పెట్టిన సీసా పెద్దవాళ్ల నడుం ఎత్తులో ఉంటే పిల్లల కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, నొక్కగానే కంట్లో పడుతుంది. పడితే వెంటనే మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మీ ఇంటికి చుట్టాల పిల్లలు వస్తారు కదండీ, సీసా ఎత్తు చూసుకోండి.

పాకాల_పద్దు

అక్కా, నాన్నగారికి షుగర్ అన్నారు కదా, వేలు గుచ్చి చూస్తారా ఇంట్లో? ఒక విషయం చెప్పాలి, మా మామయ్య విషయంలో ఇది జరిగింది. మామిడిపళ్ల రోజులు. ఉదయం మెషిన్‌లో చూస్తే 318. ముందురోజు రాత్రి 170. ఇంట్లో అందరం భయపడి ఇన్సులిన్ పెంచమని డాక్టరుకి ఫోన్ చేయబోతున్నాం. మా ఆడపడుచు నర్సింగ్ చదువుతోంది, "మామయ్యా, పొద్దున ఏం పట్టుకున్నావు" అని అడిగింది. మనవడికి బేనీషా పండు తొక్కతీసి పెట్టాడట, ఆయన ఒక్క ముక్కా తినలేదు. చేతికి శానిటైజర్ రాసుకున్నాను కదా అన్నాడు. ఆ అమ్మాయి సబ్బుతో కడిగించి, తుడిపించి, మళ్లీ గుచ్చితే 176. వేలికి అంటిన పండు చక్కెర రక్తం చుక్కలో కలిసిపోయి అంత చూపించింది. శానిటైజర్ క్రిమిని చంపుతుంది గానీ చక్కెరని కడిగేయదు కదా. ఆ రోజు మేం ఇన్సులిన్ పెంచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

సిస్టర్_చిత్తూరు

పద్దూ, ఇది వందమందికి తెలియాల్సిన మాట. నేను పని చేసినప్పుడు కూడా ఇట్లాంటి తప్పుడు అంకెలు చూశాను. స్పిరిట్ దూదితో తుడిచినా పండు రసం పూర్తిగా పోదు. సబ్బు, నీళ్లు, పొడిగా తుడుచుకోవడం, తరువాతే గుచ్చడం. తడి వేలు గుచ్చినా తప్పే, నీళ్లు గానీ శానిటైజర్ గానీ చుక్కలో కలిస్తే అంకె మారుతుంది. చెల్లీ, మీ ఇంట్లో లడ్డూ ముట్టుకున్న చేత్తో ఎవరూ నాన్నకి టెస్టు చేయకండి.

ఇంకో మాట. శానిటైజర్‌ని కుట్లమీద, పుండుమీద పోయకండి. చాలామంది చీము పట్టకుండా ఉంటుందని పోస్తారు. అది మానుతున్న చర్మాన్ని కాలుస్తుంది. అది చేతికి మాత్రమే. సబ్బుతో కడిగిన తడి చేతికి వెంటనే శానిటైజర్ రాయడం కూడా వద్దు, నీళ్లు కలిసి శాతం తగ్గిపోతుంది, చర్మం పగులుతుంది. రెంటిలో ఒకటి చాలు. పగిలిన చర్మంలోనే క్రిములు దాక్కుంటాయి, అందుకే గ్లిసరిన్ ఉన్న సీసా చూసుకోండి, రాత్రి పడుకునే ముందు అమ్మ చేతికి నూనె రాయండి.

కొండకింద_పెద్దాయన (తిరుపతి)

నాకు 68. అమ్మాయి కష్టం అర్థమైంది కానీ ఒక మాట అడుగుతా. చూడడానికి వచ్చిన పెద్దవాళ్లని గుమ్మంలో ఆపి చేతికి మందు పోస్తే నొచ్చుకోరా? మా చెల్లెలి ఇంట్లో ఇట్లాగే చేస్తే మా బావ రెండేళ్లు మాట్లాడలేదు. మా కాలంలో ఇవన్నీ లేవు, అయినా రోగులు లేచి తిరిగారు.

సిస్టర్_చిత్తూరు

పెద్దాయనా, కోపం తెచ్చుకోకండి. లేచి తిరిగినవాళ్లు మనకి గుర్తున్నారు, లేవనివాళ్లు కూడా ఉన్నారు. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చూశాడు, డాక్టర్లు శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని, ఆ వార్డులో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చచ్చిపోతున్నారని. క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడగమని పట్టుబట్టాక చావులు చాలా తగ్గాయి. తోటి డాక్టర్లే నొచ్చుకున్నారు అప్పుడు, మా చేతులు మురికివా అని. మీ బావగారు నొచ్చుకున్నట్టే.

కానీ మీరన్న మర్యాద మాట నిజమే, దానికొక దారి ఉంది. మన ఇళ్లలో బయటినుంచి వస్తే కాళ్లు కడుక్కుని లోపలికి రావడం ఎప్పటినుంచో ఉన్నదే కదా. గుమ్మం బయట కొళాయి దగ్గర చెంబుతో పాటు సబ్బు, శుభ్రమైన తువ్వాలు పెట్టండి చెల్లీ. "కాళ్లు చేతులు కడుక్కుని రండి, కాఫీ పెడుతున్నా" అంటే ఎవరు నొచ్చుకుంటారు? గదిలోకి వచ్చాక మంచం పక్కన సీసా ఉంటే, ముందు మీరు పోసుకుని రుద్దుకోండి. మిమ్మల్ని చూసి వాళ్లూ చెయ్యి చాపుతారు.

కొండకింద_పెద్దాయన (తిరుపతి)

అది బాగుంది తల్లీ. అట్లా అయితే నేనే ముందు కడుక్కుంటా.

అలిపిరి_కింద_ఇల్లు (తిరుపతి)

వారం తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

ముందు మంచి మాట, నిన్న కుట్లు తీశారు. గాయం పొడిగా ఉంది, ఎరుపు లేదు.

చేసినవి చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుందని. గుమ్మం బయట కొళాయి దగ్గర లిక్విడ్ సబ్బు పంపు, మేకుకి తువ్వాళ్లు. మందుల షాపులో 500 మిల్లీలీటర్ల సీసా తీసుకున్నా, వెనక ఇథైల్ ఆల్కహాల్ 70 శాతం వి/వి, గ్లిసరిన్, లైసెన్సు నంబర్ అన్నీ చదివాకే డబ్బులిచ్చాను, కౌంటర్ మీద ఉన్న అబ్బాయి ఓపిగ్గా నిలబడ్డాడు. డ్రెస్సింగ్ అమ్మాయికి వేరే సీసా. రెండూ కిటికీ పక్క గూట్లో, పిల్లలకి అందని ఎత్తులో పెట్టాం. అమ్మ నాన్న మంచం దగ్గరే హారతి ఇచ్చేది, పుత్తూరు అక్క రాసింది చదివి వినిపించాను, ఏమీ అనకుండా హారతి పళ్లెం తీసుకెళ్లి పూజగదిలోనే పెట్టేసింది. క్యాన్ తిరిగి ఇచ్చేశాం, డబ్బులు ఇవ్వలేదు. ఫిర్యాదు రాసి పంపాను.

మొన్న నెల్లూరు నుంచి మా పెదనాన్న కుటుంబం తొమ్మిదిమంది వచ్చారు, శ్రీవారి మెట్టు దారిలో నడిచి ఎక్కి దిగొచ్చారు. నేను చెప్పకముందే పెదనాన్న కొళాయి దగ్గర కూర్చుని పిల్లలందరికీ వరసగా చేతులు కడిగించాడు, బొటనవేళ్లు పట్టుకుని తిప్పి మరీ. నేను చూస్తూ నిలబడిపోయాను. లడ్డూ మాత్రం కవర్లోనే ఉంచి అమ్మ చేతికిచ్చారు.

సిస్టర్_చిత్తూరు

చాలా సంతోషం చెల్లీ. ఒక్కటి అడుగుతా. ఆ కొళాయి దగ్గర తువ్వాళ్లు ఎన్ని రోజులకి మారుస్తున్నారు? తొమ్మిదిమంది తుడుచుకున్న తడి తువ్వాలుతో కడిగిన చేయి తుడుచుకుంటే కష్టమంతా వృథా. మనిషికొకటి చిన్న చేతిగుడ్డ, వాడినవి బకెట్లో వేసి రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. సీసా అయిపోయాక అందులోనే పైనుంచి కొత్తది పోసి నింపకండి, కొత్త సీసానే పెట్టండి.

అలిపిరి_కింద_ఇల్లు (తిరుపతి)

రెండు తువ్వాళ్లే ఉన్నాయి సిస్టర్, మూడు రోజులుగా అవే. ఇప్పుడే తీసేశాను. పాత నూలు చీర ఒకటి ఉంది, అమ్మ కత్తిరిస్తానంది, పాతిక గుడ్డలు వస్తాయంట. రేపు మధ్యాహ్నం అనంతపురం నుంచి ఇంకో అయిదుమంది వస్తున్నారు, ఈలోపల ఉతికి ఆరేస్తాం.